ఎక్కేదాకా లేపొద్దు

జగిత్యాల కోట చుట్టూ కందకం ఉంది. లోపలికి వచ్చినవాడు వచ్చిన దారినే బయటికి పోవాలి. పారిపోవడం వృత్తిలో సగమైన మనిషిని ఇలాంటి చోటికి బ్రీఫింగ్‌కు పిలవడం ఏం తెలివో ఏజెంట్ మహిపాల్‌కు అర్థం కాలేదు. కానీ డైరెక్టర్ అమృత తెలివిని ప్రశ్నించినవాళ్లు బ్యూరోలో ఎక్కువ రోజులు ఉండరు.

ఫిరంగి పక్కన నిలబడి ఆమె ట్యాబ్ అతని చేతికిచ్చింది.

"చూడు. పొద్దున వచ్చింది."

వీడియోలో సిరిసిల్ల సాంచాల షెడ్డు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. నేల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన ఎడమకాలు తొడ నుంచి కిందికి కనిపించడం లేదు. నూలు చుట్టిన ఇనుప భీములు దాని మీద పడి ఉన్నాయి. ఒక్కో భీమును కదపాలంటేనే ఇద్దరు కావాలి.

వెనక నుంచి ఇంగ్లీషులో ఒక గొంతు మర్యాదగా మాట్లాడింది. "మీ నాన్న క్షేమం. పెనుగులాటలో భీములు దొర్లి కాలొక్కటే ఇరుక్కుంది. ఆర్-11 కోరుట్లకు పంపండి. అది అసలుదని తేలగానే భీములు లేపుతాం. నేను మాట తప్పే మనిషిని కాదు."

"లూకాస్. రెడ్ వాల్వ్ ముఠా లీడర్," అంది అమృత. "కొత్త మందుల శాంపిళ్లు కొట్టేసి పైదేశాల్లో అమ్ముతడు. ఆ ముసలాయన పేరు గంగారాం. సాంచాలు నడిపే ఆసామి. ఈమె ఆయన బిడ్డ, డాక్టర్ రాజలక్ష్మి. ఆర్-11 తయారు చేసింది ఈమెనే."

గోడ నీడలో నిలబడిన రాజలక్ష్మి ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని మహిపాల్‌కు అనిపించింది.

"లేపుతమనే అంటున్నరు కద మేడమ్. మంచిదే గదా?"

"లేపితెనే సస్తడు," అంది రాజలక్ష్మి.

మహిపాల్ ఆమె వైపు చూశాడు.

"పొద్దటి నుంచి గా కాలుకు రక్తం పోతలేదు. ఇప్పుడు ఒక్కసారి లేపితే ఆగిన రక్తమంత తిరిగి పారుతది. శాన దినాలకు కాలువ ఇడిచినప్పుడు సూసినవా? ముందుగాల అచ్చేది నీళ్లు కాదు, చెత్త. గట్లనే నలిగిన కండల ఉన్న ఇషమంత కొట్టుకపోయి కిడ్నీలకు అడ్డం పడ్తది. కిడ్నీలు ఆగుతయ్. ఎనుకనే గుండె. రక్తం ఆగుడు సగం దెబ్బనే. తిరిగి అచ్చుడు అసలు దెబ్బ."

"ఆర్-11 దానికేనా?"

"దానికే. కని రక్తం తిరిగి రాకముందే ఎక్కాలె. అచ్చినంక ఎక్కిస్తే అది ఉత్త నీళ్లే."

అమృత మధ్యలోకి వచ్చింది. "ఒక్కటే వయల్ మిగిలింది. మనుషుల మీద ట్రయల్ కాలేదు. అది జగిత్యాల దాటొద్దు. నువ్వు తీస్కపోయే బాక్స్‌ల ఉండేది డెకాయ్, నకిలీది. యూవీ టార్చి కింద అసలుది లెక్కనే నీలంగ మెరుస్తది. నీ వేషం ఆర్ఎంపీ డాక్టర్. పేరు నరేశ్. ముసలాయనకు చూపే డాక్టర్ చేతనే బాక్స్ పంపుతున్నమని చెప్పినం. వాళ్లు ఒప్పుకున్నరు. గంగారాంను పానంతోని తేవాలె. లూకాస్ దొరకాలె."

"లోపట మనోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"ఒకరున్నరు. 'కథలాపూర్‌ల వాన పడ్డదా' అని అడుగు. 'మబ్బు పట్టింది, పడలే' అంటే మన మనిషి."

"ఆడనా, మొగనా?"

"తెలిస్తే వాళ్ల దిక్కే చూస్తవ్."

మెడకు వేసుకునే స్టెతస్కోపులో మైక్ పెట్టారు. బ్యాగులో బీపీ మిషన్, సూదులు, ట్యూబు సర్దారు. చివరగా రాజలక్ష్మి ఒక ప్లాస్టిక్ సెలైన్ సీసాను రెండు చేతులతో అతనికిచ్చింది. అమృత ఫోన్‌లో ఉంది.

"మందు గిండ్లనే కలిపిన," అంది లోగొంతుతో.

"ఏ మందు?"

ఆమె అమృత వైపు ఓరగా చూసి, సీసాను అతని చేతుల్లోకి ఇంకొంచెం నెట్టింది.

"మేడమ్‌కు తెలుసా?"

"నువ్వు అచ్చినంక నేనే చెప్త."

"మనుషులకు ఎక్కియ్యలే అన్నరు కద డాక్టరమ్మా."

"మొదటి మనిషి మా బాపు." ఆమె సీసా మూతను ఇంకోసారి వేలితో నొక్కి చూసింది. "ఇది పని చెయ్యకుంటె నేనే సంపినట్టు. ఎక్కియ్యకుంటె గూడ నేనే సంపినట్టు. ఏ దిక్కు పోవాల్నో నాకు సమజైతలేదు. నువ్వు మాత్రం ఒక్కటి యాదికి పెట్టుకో. సీస మొత్తం ఎక్కేదాక లేపనియ్యకు. లేపేముందు తొడకు బీపీ పట్టీ గట్టిగ బిగించు. ఎనుక మెల్లమెల్లగ ఇడువు."

మహిపాల్‌కు మొదటి ఇబ్బంది అర్థమైంది. ఆ ముసలాయనను వదలకుండా పట్టి ఉంచాల్సింది ముఠా కాదు, తను.

*

కోరుట్ల బస్టాండ్ బయట నల్లకారు ఆగి ఉంది. వెనక సీట్లో వర్ష అనే ఆమె కూర్చుంది. ముఠాకు ముసుగుగా నడిచే గల్ఫ్ వీసాల ఆఫీసుకు ఆమే మేనేజర్. మెడలో దుబాయ్ బంగారం, కళ్లకు నల్లద్దాలు, కారంతా అత్తరు. బస్సు దిగే మగవాళ్లలో సగం మంది ఆమెను చూసుకుంటూ ఎదుటివాడిని గుద్దుకున్నారు. స్టీరింగ్ దగ్గర చందు ఉన్నాడు. ఊరివాడే, ముఠాకు కొత్తగా కుదిరాడు.

"డాక్టర్ మీరేనా?" అంది వర్ష. పత్రికలో అచ్చేసినట్టున్న తెలుగు.

"అవును మేడమ్. ఆర్ఎంపీ నరేశ్." మహిపాల్ కారెక్కి అద్దంలోంచి ఆకాశం వైపు చూశాడు. "కథలాపూర్‌ల వాన పడ్డదా మేడమ్?"

"నాకేం తెలుసు? నేను పెరిగింది దుబాయ్‌లో."

ఆ దారి మూసుకుపోయింది. చందు దిగి వచ్చి అతని ఫోన్ లాక్కుని, బ్యాగు వెతికి, సీసా బయటికి తీశాడు.

"గిదేంది?"

"గ్లూకోజ్."

"కాలు ఇరుక్కున్నోనికి గ్లూకోజ్ ఎందుకు?"

"నీకు జరమస్తే మీ డాక్టర్ ఏం చేస్తడు?"

"గ్లూకోజ్ ఎక్కిస్తడు."

"ఒళ్లు నొప్పులకు?"

"గ్లూకోజే."

"మరి?"

చందు సీసాను బ్యాగులో పెట్టేశాడు. గ్లూకోజ్ పెట్టని ఆర్ఎంపీ మీదే ఈ ప్రాంతంలో ఎవరికైనా అనుమానం వస్తుంది. ప్రపంచంలోని మందుల కంపెనీలన్నీ వెతుకుతున్న వస్తువును చందు తన చేత్తోనే సర్ది, జిప్పు కూడా వేశాడు.

తరువాత మహిపాల్ కళ్లకు గంతలు కట్టారు. కారు కథలాపూర్ మీదుగా పోతోందని అతనికి స్పీడ్ బ్రేకర్లే చెప్పాయి. అది అతని సొంత ఊరు. తాటిచెట్లు ఎక్కి కల్లు గీసే నాయిన ఈ వేళకు పని ముగించుకుని ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటాడు. కిటికీ దించి పిలిస్తే వినిపించేంత దూరం. కారు ఆగలేదు. మహిపాల్‌కు ఆ క్షణంలో దిగిపోవాలని నిజంగా అనిపించింది.

*

సిరిసిల్ల చేరారని గంతలు తీయకముందే తెలిసింది. సాంచాల మోత నేలలోంచి పాదాలకు ఎక్కింది. డిగ్రీ చదివేటప్పుడు మహిపాల్ సెలవుల్లో ఇక్కడ సాంచాల మీద పనిచేశాడు. ఆ మోత వింటే ఇప్పటికీ చేతులు నూలు కోసం వెతుకుతాయి.

షెడ్డులోకి తోసి, చందు లోపలి నుంచి షట్టర్ దించి తాళం వేశాడు. కిటికీలకు అట్టలు కొట్టి ఉన్నాయి. ముసలాయన మూలుగు బయటికి వినిపించకుండా లూకాస్ సాంచాలన్నీ నడిపిస్తున్నాడు. అతని చెవులకు మోత ఆపే మఫ్‌లు, గొంతుకు మైక్ పట్టీ. అతను పెదవి కదిపితే వర్ష చెవిలో పలుకుతుంది. మిగతావాళ్లకు మోతే. స్టెతస్కోపులోని మైక్ కూడా అమృతకు అదే వినిపిస్తూ ఉంటుంది. లక్షలు పోసి చేసిన పరికరం టకటకమని కొట్టుకుంటోంది.

గంగారాం గోడకు ఆనుకుని ఉన్నాడు. ముఖం బూడిద రంగు. మహిపాల్ సీసాను పక్క సాంచా పై కమ్మీకి వేలాడదీసి, ముసలాయన చేతికి సూది ఎక్కించాడు. చుక్క పడటం మొదలైంది.

అటు లూకాస్ బాక్స్ తెరిచి డెకాయ్ మీద యూవీ టార్చి వేశాడు. నీలంగా మెరిసింది. తృప్తిగా టార్చి అలాగే పక్కకు తిప్పాడు. సాంచాల మీది తెల్లగుడ్డంతా నీలంగా వెలిగింది. గుడ్డ పక్కన వేలాడే సీసా కూడా వెలిగింది. లూకాస్ అంత గుడ్డ మధ్యలో సీసాను పట్టించుకోకుండా టార్చి ఆర్పేసి, వయల్‌ను ఒక చిన్న మిషన్‌లో పెట్టి, రీడింగ్‌ను శాటిలైట్ ఫోన్‌లో ఎక్కడికో పంపాడు.

వర్ష వచ్చి మహిపాల్ చెవిలో అరిచింది. "జవాబు రావాలి. అసలుదైతే వెంటనే భీములు లేపుతారు. నకిలీ అయితే మీ ఇద్దరినీ కాల్చేస్తారు. కదలకండి."

మహిపాల్ లెక్క వేసుకున్నాడు. జవాబు అవును అయినా చావే, కాదు అయినా చావే. తేడా ఎవరు ముందు అన్నదే. సీసా ఇంకా నిండుగానే ఉంది.

సాంచాల మధ్య బతికినవాళ్లు చెవులతో మాట్లాడుకోరు. పెదవులు చూసి మాట్లాడుకుంటారు. పని విడిచినా ఆ అలవాటు పోదు. గంగారాం అతని ముఖంలోకి చూసి పెదవులు కదిపాడు.

"లేపమను కొడుకా. కాలు తెలుస్తలేదు."

"లేపొద్దు కాకా. నీ బిడ్డ చెప్పింది."

ముసలాయన కళ్లు పెద్దవయ్యాయి. "రాజలక్ష్మా?"

"మందు సీసల కలిపి పంపింది. మొత్తం ఎక్కేదాక లేపొద్దు. ఎక్కకముందు లేపితే కిడ్నీలు పోతయ్. ఓర్సుకో."

గంగారాం తల ఊపాడు. తనను విడిపించేవాళ్ల నుంచే తనను కాపాడాలని ఆయనకు అర్థమైంది. పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు.

మహిపాల్ తల తిప్పాడు. వర్ష నల్లద్దాలు తీసి అతని పెదవుల వైపే చూస్తోంది.

దుబాయ్‌లో పెరిగినవాళ్లు అలా చూడరు. సాంచాల గల్లీలో పెరిగినవాళ్లే చూస్తారు. ఆమె ప్రతి మాటా చదివేసింది. ఆమె గొంతు దగ్గర మైక్ ఉంది. ఒక్క మాట లూకాస్ చెవిలో పడితే అయిపోయింది.

వర్ష చేత్తో మైక్ మూసి, చప్పుడు లేకుండా పెదవులు కదిపింది.

"మబ్బు పట్టింది, పడలే. కార్ల చందు ఉండె, అందుకే చెప్పలే."

మహిపాల్‌కు ఆ షెడ్డులో మొదటిసారి ఊపిరి ఆడింది. ఎక్కువసేపు ఆడలేదు. గంగారాం కళ్లు తెరిచి, ఏదో అనుమానం వచ్చి మళ్లీ అడగబోయాడు. ముప్పై నలభై ఏళ్ల మోతకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. మాట్లాడితే అరిచినట్టే ఉంటుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. కరెంటు పోయినప్పుడు ఎవరి మాటో ఒకటి సగంలో దొరికిపోవడం సిరిసిల్లలో రోజూ ఉండేదే. దాని మీద నవ్వుకోవడం కూడా ఉండేదే. ఈసారి దొరికింది గంగారాం మాట.

"మందు సీసలనే ఉన్నదా కొడుకా?"

షెడ్డంతా మోగింది.

లూకాస్ నెమ్మదిగా మఫ్‌లు తీశాడు. "ఏమన్నాడు?"

వర్ష నోరు తెరిచేలోపే చందు పగలబడి నవ్వాడు. తనకు వచ్చిన ఇంగ్లీషులో తనే చెప్పాడు. "సార్, ఓల్డ్ మ్యాన్ ఆస్కింగ్ లిక్కర్. బాటిల్‌ల ఉన్నదా అంటుండు. సచ్చెటోడు గూడ మందే అడుగుతుండు సార్."

లూకాస్ కూడా నవ్వాడు. "బతికితే ఒక గ్లాసు నేనే పోస్తాను."

మందు అంటే చందుకు ఒకటే మందు. దేవుడు అతన్ని చల్లగా చూడాలని మహిపాల్ మనసారా కోరుకున్నాడు.

కానీ మోత ఆగడంతో లూకాస్‌కు తొందర పుట్టింది. బయటి గల్లీ చప్పుళ్లు లోపలికి వినిపిస్తున్నాయి. లోపలి మూలుగు బయటికీ వినిపిస్తుంది. "జవాబు దారిలో చూసుకుందాం. ముసలాడిని మనతోనే తీసుకుపోతున్నాం. భీములు లేపండి. ఇప్పుడే."

సీసాలో ఇంకా అడుగున మందు ఉంది.

చందు భీములకు తగిలించిన గొలుసు కప్పీ వైపు నడిచాడు. వర్ష అతనికంటే ముందే గొలుసు అందుకుంది. "నేను లాగుతాను. నువ్వు తాళం తీసి కారు సిద్ధం చెయ్యి." చందు షట్టర్ సగం ఎత్తి బయటికి దూరాడు. ఆమె గొలుసు లాగింది. గొలుసులోని వదులు మాత్రమే కప్పీ మీద తిరిగింది. భీములు కదల్లేదు.

"త్వరగా," అన్నాడు లూకాస్. తుపాకీ ఆమె వైపు తిరిగింది.

మహిపాల్ తొడకు బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టాడు. తరువాత సీసాను దించి రెండు చేతుల మధ్య పెట్టి పిండటం మొదలుపెట్టాడు. వాగులో తడిబట్ట పిండినట్టు పిండాడు.

వర్ష గొలుసు పట్టుకునే పక్కకు తిరిగి అడిగింది. ఇప్పుడు పత్రిక తెలుగు లేదు. "డాక్టరూ, తాతకు మందు ఎక్కిందా?"

బయట చందు నవ్వు వినిపించింది.

"ఎక్కుతున్నది."

లూకాస్ తుపాకీ ఆమె నుదుటికి ఆనించాడు. "గొలుసు."

గొలుసు బిగుసుకుంది. భీములు కిర్రుమన్నాయి. "ఎక్కిందా లేదా?" అంది వర్ష. ఆమె గొంతులో ఏడుపు ఉంది.

ట్యూబులో చివరి చుక్క వెనక గాలి కనిపించింది. మహిపాల్ ట్యూబు మడిచి పట్టుకున్నాడు.

"ఎక్కింది. లేపు."

భీములు లేచాయి. గంగారాం పెట్టిన కేకకు కప్పు మీది పావురాలు లేచిపోయాయి. మహిపాల్ ఆయన్ను బయటికి గుంజి, పట్టీలోని గాలి వదిలే మీటను వేళ్ల మధ్య పెట్టుకుని కొంచెం వదిలాడు. బిగించాడు. మళ్లీ కొంచెం వదిలాడు.

అప్పుడు శాటిలైట్ ఫోన్ మోగింది. లూకాస్ స్క్రీన్ చూసి మహిపాల్ వైపు చూశాడు. మర్యాద అతని ముఖంలోంచి పూర్తిగా పోయింది.

"నకిలీ. అసలుది ఎక్కడ?"

మహిపాల్ కదల్లేదు. కదిలితే మీట వదలాలి. వదిలితే ఆ రక్తమంతా ఒక్కసారి పారుతుంది. తుపాకీ ఎదురుగా ఉన్నా ఒక మీట పట్టుకుని కూర్చోవడం తప్ప అతనికి ఇంకో దారి లేదు. భయం వేసింది. అయినా వేళ్లు వదల్లేదు.

"అడుగుతున్నాను. ఎక్కడ?"

వర్ష గొలుసు వదిలేసింది. భీములు లూకాస్ పాదాల ముందు నేలకు కొట్టుకున్నాయి. అతను వెనక్కి ఎగిరి, గురి తప్పి కప్పును కాల్చి, సగం ఎత్తిన షట్టర్ కిందుగా గల్లీలోకి దొర్లాడు.

గల్లీ నిండా జనం ఉన్నారు. కరెంటు పోతే సిరిసిల్లలో షెడ్డులో ఎవరూ కూర్చోరు. సాంచాలు నడిపేవాళ్లంతా బయటికి వచ్చి, బీడీలు ముట్టించి, చాయ్ తెప్పించుకుని గోడల నీడకు కూర్చుంటారు. చందు కారు వాళ్ల మధ్యలోనే చిక్కుకుని హారన్ కొడుతోంది. ఎవరూ లేవడం లేదు.

వర్ష షట్టర్ కిందనుంచి తల బయటపెట్టి ఆ గల్లీ గొంతుతోనే పిలిచింది. "గంగారాం కాకను కట్టేసి కొట్టింది గీడే. పట్టుండ్రి."

తుపాకీలో ఎన్ని గుండ్లు మిగిలాయో లూకాస్‌కు లెక్క తెలుసు. గల్లీలో ఎంతమంది ఉన్నారో లెక్క తెలియలేదు. చాయ్ గ్లాసులు పక్కన పెట్టి వాళ్లు లేచారు.

మోత ఆగాక మైక్‌లో అంతా విన్న అమృత పంపిన అంబులెన్స్‌లో మహిపాల్ మీట వదలకుండానే అన్నాడు. "కరెంటు పోవుడు మన అదృష్టం."

"అదృష్టమా?" వర్ష మెడలోని బంగారం తీసి సంచిలో వేసింది. అంతా గిల్టు. "కరెంటు తీసి లైన్ల మీది కొమ్మలు కొడతరని మా గల్లీ గ్రూపుల నిన్ననే అచ్చింది. గందుకే లూకాస్‌కు గా షెడ్డే చూపిన."

*

ఆసుపత్రిలో ఆ రాత్రి గంగారాం మంచానికి మూత్రం పడే ప్లాస్టిక్ సంచి కట్టారు. రాజలక్ష్మి దాని ముందు నేల మీద కూర్చుంది. కిడ్నీలు బతికాయో లేదో ఆ సంచే చెప్పాలి. మొదట చాలాసేపు ఖాళీగా ఉంది. తరువాత పాలు పోయని చాయ్ రంగులో కొంచెం పడింది. ఆమె కళ్లు మూసుకుంది. తెల్లారేసరికి రంగు పలచబడింది. పొద్దెక్కేసరికి సంచి నిండింది. అందరికీ ఉండే పసుపు రంగు.

రాజలక్ష్మి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. మహిపాల్ కూడా ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఏమైందే?" అని గంగారాం అరిచాడు. వార్డంతా లేచింది.

"ఏం కాలే బాపు. నీకు ఒంటికి మంచిగ అస్తుంది."

"గదానికి ఏడుస్తరా?"

తలుపు దగ్గర డైరెక్టర్ అమృత వచ్చి నిలబడింది. ఆమె ముఖం చూస్తే ఫ్రిజ్ తెరిచి చూసుకునే వచ్చిందని తెలుస్తోంది.

"లూకాస్ దొరికిండు. సంతోషం. ఆర్-11 వయల్ ఖాళీగ ఉన్నది. అందులో ఉన్నది ప్రభుత్వ ఆస్తి. ఇప్పుడు అదెక్కడుందో నాకు తెల్వాలె."

మహిపాల్ గోడనే చూస్తున్నాడు. రాజలక్ష్మి లేచి, కళ్లు తుడుచుకుని, నిండిన సంచిని కొక్కెం నుంచి తీసి రెండు చేతులతో ముందుకు చాపింది.

"పని చేసి గీ తొవ్వనే బయటికచ్చింది మేడమ్. సీజ్ చేస్తరా?"

అమృత తన సర్వీసులో తుపాకులు, వజ్రాలు, ఒకసారి ఏకంగా ఒక విమానాన్ని సీజ్ చేసింది. ఈసారి మాత్రం ఒక అడుగు వెనక్కి వేసి, కిటికీ తెరవమంది.